దూలగొండి: కంపవాతానికి వాడిన ఒక గింజ చరిత్ర

దూలగొండి తెలుగు నేల మీద పొదల్లో, కంచెల మీద అల్లుకునే తీగ. కొన్ని ఊళ్లలో దీన్ని దురదగొండి అంటారు, కొన్నిచోట్ల పిల్లిఅడుగు అంటారు. సంస్కృత వైద్య గ్రంథాల్లో ఇది ఆత్మగుప్త, కపికచ్ఛువు, మర్కటి. వృక్షశాస్త్రంలో దీని పేరు ముకునా ప్రూరియెన్స్. ముదురు ఊదారంగు పూలు గుత్తులుగా వేలాడతాయి. వంకర తిరిగిన కాయల మీద బంగారు రంగు నూగు ఉంటుంది. ఆ నూగులో మ్యుకునైన్ అనే ఎంజైము, సెరటోనిన్ ఉంటాయి కాబట్టి ఒంటికి తగిలితే దద్దుర్లు లేచి మంటా దురదా పుడతాయి. పల్లెల్లో దీనికి విరుగుడుగా పేడ పులుముకుంటారు. కాయ లోపలి గింజకు మాత్రం ఆ దురద లేదు. దాని బరువులో సుమారు 3 నుంచి 6 శాతం దాకా లెవోడోపా అనే పదార్థం ఉంటుంది. పార్కిన్సన్స్ వ్యాధికి ప్రపంచమంతటా ఇచ్చే ప్రధాన ఔషధం అదే.

నెల్లూరు తీరంలో తోటపల్లి గూడూరు మండలంలోని ఒక పెద్దాయనకు చేతులు వణికి, అడుగు చిన్నదై, మొహంలో కళ తగ్గితే, నెల్లూరు న్యూరాలజిస్టు రాసే మాత్రలోనూ ఆయుర్వేద దుకాణంలో దొరికే దూలగొండి పొడిలోనూ పనిచేసేది ఈ ఒక్క పదార్థమే. ఒకే మందు రెండు దారుల్లో ఊరు చేరింది. ఆ రెండు దారులూ ఒకప్పుడు మద్రాసులో కలిశాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు నెల్లూరు జిల్లాకు రాజధాని ఆ నగరమే.

వణుకును రోగంగా గుర్తించడం ఆయుర్వేదంలో పాత సంగతే. చరక సంహిత వాతం వల్ల పుట్టే 80 రోగాలను లెక్కగట్టినప్పుడు వేపథువు అనే వణుకును వాటిలో చేర్చింది. మాధవ నిదానం అంగాలన్నీ వణకడాన్నీ, తల మాత్రమే వణకడాన్నీ ఆ పేరు కిందే చెప్పింది. తెలుగువారికి దగ్గరి సాక్ష్యం బసవరాజీయం. బసవరాజు అనే ఆంధ్ర వైద్యుడు సంస్కృత శ్లోకాలకు తెలుగు వివరణ జోడించి కూర్చిన ఈ గ్రంథం తరతరాలుగా తెలుగు, కన్నడ ప్రాంతాల వైద్యుల చేతి పుస్తకంగా ఉంది. కాల నిర్ణయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. అందులో కంపవాత లక్షణాలు క్లుప్తంగా, కానీ గట్టిగా ఉన్నాయి: అరచేతుల్లో, అరికాళ్లలో వణుకు, ఒంట్లో నొప్పీ తిప్పూ, నిద్ర చెడడం, బుద్ధి మందగించడం. నిద్ర, బుద్ధి ఈ వరసలో ఉండటం విశేషం. ఇంగ్లండులో జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ వ్యాధి మీద రాసిన వ్యాసంలో ఇంద్రియాలూ బుద్ధీ చెడవనే అన్నాడు. అవి కూడా దెబ్బతింటాయని పాశ్చాత్య వైద్యం ఒప్పుకోవడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

అంతమాత్రాన బసవరాజు చూసినదంతా పార్కిన్సన్స్ వ్యాధే అనడం తొందరపాటు. ముసలితనపు వణుకు, వంశపారంపర్యంగా వచ్చే వణుకు, విషాల వల్ల వచ్చే వణుకు ఆ పేరులో కలిసిపోయి ఉంటాయి. దూలగొండిని ఈ రోగానికే ప్రత్యేకించిన మందుగా పాత గ్రంథాలు చూపలేదు కూడా. దాన్ని ప్రధానంగా బలానికీ, వీర్యవృద్ధికీ వాడారు. 16వ శతాబ్దపు భావప్రకాశలోని వానరీ గుటిక అలాంటిదే. గింజలను పాలలో ఉడికించి, పొట్టు తీసి, నూరి, నేతిలో వేయించి, పాకం పట్టి తేనెలో నానబెడతారు. వాత రోగాల్లో వాడకానికి మాషబలాది క్వాథం మంచి ఉదాహరణ. మినుములు, బలమూలం, దూలగొండి, ఆముదపు వేరు, అశ్వగంధ మొదలైనవి కలిపి కాచి, ఇంగువ, సైంధవ లవణంతో ముక్కుద్వారా పక్షవాతానికీ మెడ బిగుసుకోవడానికీ ఇచ్చేవారు. ఇలా గుంపులో ఒకటిగా వెళ్లిన దూలగొండిని విడదీసి, పనిచేస్తున్నది ఇదేనని చెప్పడం ఆనాటి పద్ధతి కాదు.

నెల్లూరు తీరంలో మూలికల సరఫరా చాలాకాలం యానాదుల చేతుల్లో ఉంది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాల సంపుటాల్లో శ్రీహరికోట యానాదులు అడవి నుంచి తెచ్చే సరుకుల జాబితా ఉంది. చిరివేరు, సుగంధిపాల, ముష్టి గింజలు, చిల్లగింజలు, కుంకుళ్లు, తేనె అందులోవి. 1835లో ప్రభుత్వం ఆ దీవిని తన ఆధీనంలోకి తీసుకున్న తరువాత ఈ సరుకంతా సర్కారు లెక్కల్లోకి ఎక్కింది. నెల్లూరు జిల్లాకే చెందిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల హక్కుల కోసం జీవితమంతా పనిచేసి, 1962లో వారి మీద ఒక పుస్తకం రాశారు. 1960ల చివర్లో శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి ఎంపికైంది. దానితో అక్కడి యానాదుల అడవి బతుకు ముగిసింది. ఏ మూలిక ఎక్కడ, ఏ నెలలో, ఏ అదనులో కోయాలో తెలిసినవారిని ఊళ్లకు తరలించినప్పుడు పోయేది ఇళ్లూ పొలాలూ మాత్రమే కాదు.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఆయుర్వేదం 20వ శతాబ్దం మొదట్లో ఒక విచారణను ఎదుర్కొంది. దేశీయ మందుల పనితీరును పరీక్షించడానికి ప్రభుత్వం డాక్టర్ ఎం. సి. కోమన్‌ను నియమించింది. ఆయన నివేదికలు వైద్యుల్లో పెద్ద కలవరం రేపాయి. మందుల్లో కొన్నింటికి విలువ ఉన్నా, శాస్త్రం మాత్రం పాతబడిందన్నది వాటి సారం. దానికి జవాబుగా 1921లో మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తి దానికి కార్యదర్శి. 1923లో వచ్చిన ఆ నివేదిక ఫలితంగా మద్రాసులో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల మొదలైంది. తెలుగువారిలో ఎం.బి. పట్టా పొందిన ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాల నడిపారు. అమెరికా వెళ్లకముందు ఎల్లాప్రగడ సుబ్బారావు అక్కడ శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. వాదన అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: మూలికలోని సారాన్ని తీసి చూపగలిగితే ఆయుర్వేదం గెలిచినట్టా, ఓడినట్టా? అదే నగరంలో మరో పదేళ్లకు పైగా గడిచాక దూలగొండి గింజ విషయంలో ఆ పని నిజంగానే జరిగింది.

1937లో మద్రాసు విశ్వవిద్యాలయ బయోకెమికల్ ప్రయోగశాలకు చెందిన ఎం. దామోదరన్, ఆర్. రామస్వామి దూలగొండి గింజల నుంచి లెవోడోపాను వేరుచేసి, బ్రిటన్‌లోని బయోకెమికల్ జర్నల్‌లో ప్రచురించారు. వారి ఆసక్తి అమైనో ఆమ్లాల రసాయనం మీద. కంపవాతానికి ఇది మందు అవుతుందన్న ఊహ ఆ వ్యాసంలో లేదు, ఉండే వీలూ లేదు. అప్పటికి మెదడులో డోపమైన్ పని ఏమిటో ఎవరికీ తెలియదు. అంతకు ముందు 1913లో మార్కస్ గుగ్గెన్‌హైమ్ స్విట్జర్లాండ్‌లో బాకలా గింజల నుంచి ఇదే పదార్థాన్ని తీసి, 2.5 గ్రాములు తానే మింగి వాంతులు చేసుకున్నాడు. ఆ తరువాత దాన్ని పనికిరానిదిగా పక్కనపెట్టాడు. బాకలా వేరు, తెలుగు ఇళ్లలో వండే చిక్కుడు వేరు. చిక్కుడుకాయ కూర తింటే కంపవాతం తగ్గుతుందన్న ప్రచారం ఈ రెండింటినీ ఒకటనుకోవడం వల్ల పుట్టినదే.

ఐరోపాలోనూ ఈ రోగానికి మొదటి మందులు మొక్కలవే. పారిస్‌లో జాన్ మార్టిన్ షార్కో ఈ వ్యాధికి పార్కిన్సన్ పేరు పెట్టాడు. కదలికల నెమ్మదితనాన్ని విడి లక్షణంగా చూపినవాడు కూడా ఆయనే. రోగులకు ఆయన బెల్లడోనా జాతి మొక్కల సారాలు ఇచ్చేవాడు. ఆయుర్వేదంలో ఖురాసాని వాముగా తెలిసిన గింజలు అదే కుటుంబానివి. వాటిలోని పదార్థాలు వణుకునూ లాలాజలాన్నీ కొంత తగ్గిస్తాయి, నోరు ఎండగొడతాయి, ముసలివారిలో మతిభ్రమ తెస్తాయి. ఈ మొక్కలను వెతికి పట్టడంలో రెండు సంప్రదాయాలూ విడివిడిగా ఒకే చోటుకు చేరాయి. షార్కో ఇంకో ప్రయోగమూ చేశాడు. రైలు ప్రయాణం, గుర్రపు బండి ప్రయాణం తరువాత రోగులకు హాయిగా ఉంటుందని విని, కుదిపే కుర్చీ ఒకటి చేయించి, 1892లో దాని గురించి ఉపన్యసించాడు. 120 ఏళ్ల తరువాత కొందరు పరిశోధకులు ఆ కుర్చీ పద్ధతిని సరిగ్గా పరీక్షించి చూస్తే, నటించిన ఉత్త చికిత్సకంటే ఎక్కువ ఫలితం కనబడలేదు.

కథ మలుపు తిరిగింది మరో భారతీయ మొక్క వల్ల. పాతాళగంధి, అంటే సర్పగంధ, పిచ్చికీ రక్తపోటుకూ పనిచేస్తుందని 1931లో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ దాని రక్తపోటు గుణాన్ని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో స్థిరపరిచాడు. 1952లో స్విస్ కంపెనీ సీబా దాని నుంచి రిసర్పిన్‌ను వేరుచేసింది. ఆ మందు మోతాదు పెరిగిన రోగుల్లో కొందరికి పార్కిన్సన్స్ లక్షణాలు వచ్చాయి. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చి కదలకుండా చేసి, డోపా ఇచ్చి మళ్లీ లేపాడు. రోగాన్ని అనుకరించినది భారతీయ వేరు. దాన్ని తిప్పికొట్టిన పదార్థం మద్రాసులో 20 ఏళ్ల ముందు సీసాలోకి ఎక్కినదే. ఈ పనికి కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి దక్కింది.

1960లో వియన్నాలో ఎరింగర్, హార్నికీవిచ్ మరణించిన రోగుల మెదడులో డోపమైన్ బాగా తగ్గి ఉందని చూపారు. 1961లో హార్నికీవిచ్, బిర్క్‌మాయర్ రోగులకు లెవోడోపా ఇంజెక్షన్ ఇచ్చారు. మంచం పట్టినవారు కొన్ని గంటలు లేచి నడిచారు, తరువాత మళ్లీ పడకే. 1967లో అమెరికాలో జార్జ్ కొట్జియాస్ నోటిద్వారా, కొద్దికొద్దిగా పెంచుతూ రోజుకు అనేక గ్రాముల దాకా ఇచ్చి నిలకడైన ఫలితం సాధించాడు. గుగ్గెన్‌హైమ్‌ను కక్కించిన వికారం అక్కడా వెంటాడింది. మింగిన లెవోడోపాలో అధిక భాగం మెదడు చేరకముందే పేగుల్లో, రక్తంలో డోపమైన్‌గా మారి ఖర్చయిపోవడం దానికి కారణం. ఈ మార్పిడిని అడ్డుకునే కార్బిడోపా కలిపిన మాత్ర అమెరికాలో 1975లో అనుమతి పొందింది. అప్పటి నుంచి సుమారు నాలుగో వంతు మందుతోనే అదే పని జరిగే వీలు వచ్చింది. దూలగొండి పొడికీ మాత్రకూ అసలు తేడా ఇక్కడే ఉంది. పొడిలో కార్బిడోపా లేదు.

మాత్ర వచ్చాక గింజ వైపు మళ్లీ చూపు తిరిగింది. 1978లో ఏ. బి. వైద్య, ఆయన సహచరులు బొంబాయిలో దూలగొండితో పార్కిన్సన్స్ రోగులకు చేసిన చికిత్సను న్యూరాలజీ ఇండియాలో ప్రచురించారు. గింజలతో తయారైన హెచ్‌పి-200 అనే పొడిని 60 మంది రోగులకు 12 వారాలు ఇచ్చిన అధ్యయనం 1995లో వెలువడింది. 7.5 గ్రాముల పొట్లంలో సుమారు 250 మిల్లీగ్రాముల లెవోడోపా ఉంటుంది. రోగులు రోజుకు సగటున ఆరు పొట్లాలు తాగారు. కంపవాతం, లెవోడోపాల సంబంధం మీద బాల వి. మణ్యం 1990లోనే రాసి ఉన్నారు. హెచ్‌పి-200 పరిశోధనతోనూ ఆయన పేరు ముడిపడి ఉంది.

2000 సంవత్సరంలో కేరళ నుంచి వచ్చిన అధ్యయనం ఆయుర్వేద పద్ధతిని ఉన్నదున్నట్టు పరీక్షించినందువల్ల విలువైనది. 18 మంది రోగులకు దూలగొండి, ఖురాసాని వాము, అశ్వగంధ, బల వేరు ఆవుపాలలో కలిపి ఇచ్చారు. 13 మందికి ముందుగా 28 రోజుల శోధన, అంటే ఒంటిని శుద్ధి చేసే చికిత్స చేసి తరువాత మందు ఇచ్చారు, మిగతా ఐదుగురికి మందు మాత్రమే. మెరుగుదల స్పష్టంగా కనబడినది శోధన జరిగిన గుంపులో. ఆ పాల మిశ్రమాన్ని రసాయనికంగా పరీక్షిస్తే ఒక్కో మోతాదులో సుమారు 200 మిల్లీగ్రాముల లెవోడోపా తేలింది. శోధన ఎందుకు సాయపడిందన్నదానికి పేగుల కదలికే మొదటి అనుమానితం కావాలి. మలబద్ధకం ఈ రోగంలో తొలి లక్షణాల్లో ఒకటి, మందు ఒంట పట్టేది చిన్నపేగులోనే.

2004లో లండన్‌లో ఎనిమిది మంది రోగుల మీద జరిగిన పరీక్షను పొడి అమ్మేవారు తరచూ ఉదాహరిస్తారు. 30 గ్రాముల పొడి 34.6 నిమిషాల్లో పని మొదలుపెట్టింది, మాత్రకు 68.5 నిమిషాలు పట్టింది. ప్రభావం కూడా 37 నిమిషాలు ఎక్కువ నిలిచింది. అమ్మకందార్లు చెప్పనిది ఒకటుంది. ఆ 30 గ్రాముల్లో సుమారు 1000 మిల్లీగ్రాముల లెవోడోపా ఉంది, పోల్చిన మాత్రల్లో ఉన్నది 200 మిల్లీగ్రాములు, దానికి తోడు 50 మిల్లీగ్రాముల కార్బిడోపా. బొలీవియాలో వేయించిన దూలగొండి గింజల పొడితో 18 మంది మీద జరిగిన 2017 అధ్యయనంలోనూ ఒక్కసారి మోతాదుకు ఫలితం బాగుంది. తరువాత 16 వారాలు నిత్యం వాడించి చూస్తే, 14 మందిలో ఏడుగురు కడుపు బాధల వల్లో, కదలికలు క్షీణించడం వల్లో పొడిని మధ్యలో మానేశారు. మాత్ర మానినవారు ఎవరూ లేరు. పేదవారికి మాత్ర అందని దేశాల కోసం మొదలైన పరిశోధన అది. భారతదేశంలో మాత్రం లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలో ఉంది.

మిగతా పథ్యౌషధాల చరిత్ర ఇంత సుదీర్ఘం కాదు. ఎక్కువగా నిరాశే. 800 మందితో జరిగిన అమెరికా పరీక్షలో విటమిన్ ఇ రోగం ముదరడాన్ని ఆపలేదు. కోఎంజైమ్ క్యూ10ను రోజుకు 2400 మిల్లీగ్రాముల దాకా ఇచ్చిన పెద్ద పరీక్ష ఫలితం లేదని ముందే ఆగిపోయింది, 2014లో ఆ వివరాలు వచ్చాయి. 1741 మందికి చేసిన క్రియాటిన్ పరీక్ష 2015లో అలాగే ముగిసింది. కాఫీ తాగేవారిలో ఈ వ్యాధి తక్కువని హొనొలూలూలో 2000లో చూశారు. రోగం వచ్చినవారికి కెఫీన్ ఇచ్చి చూస్తే 2017 నాటి పరీక్షలో మేలు కనబడలేదు.

ఒంటి మీద, కదలిక మీద పనిచేసే చికిత్సలకు మాత్రం కొంత పునాది ఉంది. క్షీరబల తైలం, మహానారాయణ తైలంతో మర్దన బిగుసుకున్న కండరానికి హాయినిస్తుంది. రోగాన్ని మారుస్తుందని చెప్పడానికి ఆధారం చాలదు. తాయ్ చీ అనే చైనా వ్యాయామం గురించి 2012లో ఒరెగాన్‌లో 195 మందితో చేసిన పరీక్షలో నిలకడ పెరిగింది, కింద పడటం తగ్గింది. నెమ్మదిగా బరువును ఒక కాలి నుంచి మరో కాలికి మార్చడమే అందులోని కీలకం. యోగాసనాల్లో నిలబడి చేసేవాటికీ ఇదే తర్కం వర్తిస్తుంది. తాళం వేస్తూ నడిపించడం, బిగ్గరగా చదివించడం వంటి పద్ధతులు ఫిజియోథెరపీలో ఇవాళ మామూలు.

తోటపల్లి గూడూరుకు ఆనుకుని ఉన్న ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో 2021 మేలో కోవిడ్ కాలంలో జరిగిన సంఘటన ఈ ప్రాంత ప్రజల నమ్మకాన్ని బాగా చూపింది. ఆనందయ్య పంచిన మూలికల మందు కోసం వేలాదిగా జనం వచ్చారు. కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి హాని లేదని చెప్పిన మీదట మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కల మందును మినహాయించి మిగతావాటికి అనుమతి ఇచ్చింది. హాని లేకపోవడానికీ, మేలు జరగడానికీ మధ్య ఉన్న దూరం ఆ గుంపులో ఎవరికీ పట్టలేదు. ఔషధాలు, మాంత్రిక చికిత్సల ప్రకటనల చట్టం 1954లోనే పక్షవాతం, మెదడు వ్యాధుల వంటివాటికి నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధించింది. చట్టం ఉండగానే ప్రకటనలు ఆగలేదు.

పాత మందుల్లో ఒక ప్రమాదం గురించి విడిగా చెప్పాలి. బసవరాజీయంలో రసౌషధాలకు, అంటే పాదరసం కలిసిన మందులకు, పెద్ద పీట ఉంది. పాదరసం సరిగ్గా శుద్ధి కాకపోతే దాని విషమే చేతులు వణికిస్తుంది. బోస్టన్ దుకాణాల నుంచి కొన్న 70 ఆయుర్వేద మందుల్లో పద్నాలుగింటిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ ఉన్నాయని 2004లో వెలువడిన అధ్యయనంలో తేలింది. ఔషధాల చట్టం మొదటి షెడ్యూలు బసవరాజీయాన్ని ప్రామాణిక గ్రంథంగా గుర్తిస్తుంది. తయారీదారు ఏ విధంగా పాదరసం శుద్ధి చేశాడన్నది పుస్తకం చూసి తెలియదు.

దూలగొండి పొడి ఇప్పుడు నెల్లూరు ఆయుర్వేద దుకాణాల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ సులువుగా దొరుకుతుంది. డబ్బా మీద రాసిన లెవోడోపా పరిమాణానికీ లోపలిదానికీ పొంతన ఉండకపోవచ్చు. విత్తన రకం, పంట నేల, వేయించిన తీరు, ఉడికించిన సమయం అన్నీ దాన్ని మారుస్తాయి. మాత్ర వాడుతున్నవారు వైద్యుడికి చెప్పకుండా పొడి కలిపితే మోతాదు రెట్టింపై, అదుపులేని కదలికలు, భ్రమలు, నిలబడగానే రక్తపోటు పడిపోవడం రావచ్చు. మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలు లెవోడోపాతో పోటీపడి పేగు నుంచి రక్తంలోకీ, రక్తం నుంచి మెదడులోకీ పోయే దారిని ఆక్రమిస్తాయి. అందువల్ల పప్పు, చేపల పులుసు తిన్న వెంటనే వేసిన మాత్ర ఆలస్యంగా పనిచేస్తుంది. వైద్యులు సాధారణంగా భోజనానికి అరగంట ముందు వేసుకోమంటారు. దూలగొండి పొడిని పాలతో తాగమనే పాత విధానానికి ఈ లెక్క ఎదురు. పాలలోనూ మాంసకృత్తులు ఉంటాయి. ఐరన్ మాత్ర కూడా లెవోడోపాను పట్టి ఉంచుతుంది కాబట్టి రెండింటి మధ్య కనీసం రెండు గంటల ఎడం పెట్టమంటారు.